సువార్త సిస్టర్ పడిన చోట్లు

కరెంటు పోయి వచ్చినప్పుడు వార్డులో అందరూ పైకి, ఫ్యాన్ల వంక చూస్తారు. నేను కిందికి, కాళ్ళ వంక చూస్తాను. మా ఆసుపత్రికి జనరేటరు ఉంది గానీ, అది అందుకునేలోపు ఒక చిన్న ఖాళీ వస్తుంది. ఫ్యాన్లు బద్ధకంగా ఆగుతాయి. బయట రోడ్డు మీద మిరపకాయల లారీ ఏదో పోతుంటుంది, ఆ ఘాటు కిటికీలోంచి లోపలికొచ్చి ఎవరో తుమ్ముతారు. కర్టెన్ల మీద ఎండ అలాగే నిలబడి ఉంటుంది. వార్డంతా చెరువు అడుగున ఉన్నట్టుంటుంది కాసేపు. ఆ తర్వాత ఫ్యాను రెక్క కిర్రుమని మొదటి చుట్టు తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఏదో ఒక దుప్పటి కింది నుంచి రెండు పాదాలు బయటికొచ్చి చెప్పుల కోసం నేలను తడుముతాయి. ఇవాళ కూడా వచ్చాయి. కిటికీ పక్క మంచంలో పొద్దున చేరిన ముసలావిడవి, మెట్టెలు అరిగిపోయిన పాదాలు. నేను అటు నడుస్తుంటే నా పక్కన ఇంకొకరు నడుస్తున్నట్టే ఉంది. రబ్బరు చెప్పుల చప్పుడు, చెమటతో కలిసిన పౌడరు వాసన. సువార్త సిస్టర్ పోయి చాలాకాలమైంది. అయినా కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆవిడ కూడా వస్తారు.

నాది నకరికల్లు. నర్సింగు పూర్తిచేసి నరసరావుపేటలో ఈ ఎముకల ఆసుపత్రిలో చేరినప్పుడు మా వార్డుకు హెడ్ నర్సు ఆవిడే. మాచర్ల మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. నవ్వితే మనిషంతా నవ్వేవారు, కోప్పడితే వార్డులో గ్లాసులు కూడా మాట్లాడేవి కావు. నాకు మొదట అప్పగించిన పని, కొత్తగా వచ్చిన రోగి మంచం మీద నుంచి లేచి పడిపోయే ప్రమాదం ఎంత ఉందో తేల్చడం. వయసెంత, కళ్ళు ఆనుతాయా, ఏం మాత్రలు వేసుకుంటున్నారు, తల తిరుగుతుందా, అన్నింటికన్నా ముఖ్యంగా ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా. ఒకసారి పడ్డ మనిషి మళ్ళీ పడతాడని ఏ నర్సునడిగినా చెబుతుంది. ప్రమాదం ఎక్కువైతే చేతికి పసుపు పట్టీ కడతాం. ఆ పట్టీ ఉన్నవాళ్ళను ఒంటరిగా లేవనివ్వం.

ఇంతకన్నా తేలిక పని ఉండదనుకున్నాను. అడిగితే చెబుతారు కదా! వారం తిరగకుండానే నాకు తెలిసొచ్చింది, మా పల్నాటిలో అసలు ఎవరూ పడరని. జారతారు. తూలతారు. కాలు మడతపడుతుంది. కళ్ళు బైర్లు కమ్మితే ఒక్క క్షణం అలా కూర్చుంటారు. తుంటి ఎముక విరిగి మంచంలో మూలుగుతున్న మనిషిని కూడా 'పడ్డారా' అని అడగండి, 'అబ్బే' అంటాడు. కింద పడ్డా మీసాలకు మన్నంటలేదన్న సామెత ఏ ఊళ్ళో పుట్టిందో నాకు తెలియదు గానీ, మా వార్డుకు మాత్రం రోజూ వస్తుంది.

ఒకనాడు విసుగొచ్చి, వీళ్ళంతా అబద్ధాల కోరులు సిస్టర్, అన్నాను. ఆవిడ సిరంజిలు సర్దుతూనే నవ్వారు.

"ఒకరి చేత మాట పడని మనుషులే వీళ్ళు. అట్టాంటోళ్ళని పట్టుకుని ముఖాన పడ్డావా అంటే ఎట్టా చెబుతారే? ముందు నువ్వు పడు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ వెనకాల తిరిగాక అర్థమైంది. సువార్త సిస్టర్ ఎవర్నీ ఆ ప్రశ్న అడిగేవారు కారు. మంచం కాళ్ళవైపు స్టూలు వేసుకుని కూర్చుని, తాను పడిన సంగతి చెప్పేవారు. పదవీవిరమణ చేసిన ఒక మాస్టారికి, కొండవీడు చూడబోయి కోట మెట్ల మీద పడ్డానని, పక్కన పిల్లలున్నారని ఏమీ కానట్టు లేచి బట్టలు దులుపుకున్నానని చెప్పారు. బజారులో కొట్టున్న శెట్టిగారి భార్యకేమో పై అరలో డబ్బా అందుకోబోయి స్టూలు మీద నుంచి పడ్డానని చెప్పారు. ఆవిడ చెప్పడం పూర్తయ్యేసరికి మాస్టారు మెల్లగా గొంతు సవరించుకునేవారు. శెట్టిగారి భార్య పైట సర్దుకుని, "అదే వదినా, నాకూ..." అని మొదలుపెట్టేది. ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ పడ్డారో అన్నీ బయటికొచ్చేవి. నేను పక్కన నిలబడి వింటూ, ఈవిడ ఇన్ని చోట్ల పడి ఇంత నిటారుగా ఎలా నడుస్తున్నారబ్బా అనుకునేదాన్ని.

అలా ఉండగా ఒక ఎండాకాలం, బెల్లంకొండ పక్క పల్లె నుంచి వెంకటేశ్వర్లు గారిని తీసుకొచ్చారు. ఒకప్పుడు సర్పంచిగా చేశారు. పదవి పోయినా ఊరికింకా ఆయన ప్రెసిడెంటు గారే, కట్టుకున్న భార్యకు కూడా. పొలంలో మోటారు దగ్గర కాలు జారిందట. తుంటికి కొత్త బంతి వేసి ఆపరేషన్ చేశారు. ఆయనకు ఒక్కటే పట్టు. ఊళ్ళో కారు దిగి, తన కాళ్ళ మీద తన ఇంట్లోకి నడిచి పోవాలి. ఇంటికి ఎదురుగ్గా అవతలి పార్టీవాళ్ళ అరుగు ఉందట. ఆ అరుగు ముందు నన్ను మోసుకుపోతే ఆపరేషన్ చేయించుకున్నదెందుకు, చావొచ్చుగా, అన్నారు. డాక్టరు గారు నడిపిస్తామన్నారు, కాకపోతే ఇంకోసారి పడితే ఆ బంతి నిలవదని, అప్పుడు మంచమే గతి అని ముందే చెప్పారు. అంటే ఆయన నడకంతా ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది. ఆయన మోటారు దగ్గర నిజంగా కాలు జారి పడ్డారా, కళ్ళు తిరిగి పడ్డారా? కళ్ళు తిరిగి పడితే, ఆ తిరగడానికి కారణం ఇంకా ఆయన ఒంట్లోనే ఉన్నట్టు. సిస్టరుకు అప్పటికే అనుమానం. మోచేతి మీద పాత దెబ్బల మచ్చలు ఆవిడ చూశారు.

ఆ సంగతి నాకు తెలియక, నేను నా పాత పద్ధతిలోనే, "ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా అండీ?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "పడలేదు. పడగొట్టారు. మనోళ్ళే అవతలోళ్ళతో కలిసి పడగొట్టారు."

రాస్తున్నది ఆపి అడిగాను. "కర్రలతోనా అండీ?"

"ఓట్లతో."

పక్కన ఆయన భార్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందో నవ్వుతుందో నాకు తెలియలేదు. మరి మోటారు దగ్గర, అని నసిగితే, ఆవిడ ఒకసారి భర్త ముఖం చూసి, "జారారమ్మా" అంది. ఇక చేసేదేం లేక ఆపరేషన్ అయిన మనిషే కదా అని పసుపు పట్టీ తీసుకుని చెయ్యి పట్టుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆ రంగు అవతలి పార్టీదట! మా ఇంటి గోడకే వేయనియ్యలేదు, నా ఒంటికి వేస్తావా, అని గొంతు పెంచారు. పక్క మంచాలవాళ్ళు పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే తలలు తిప్పి చూస్తున్నారు. ఇంకో రంగు ఉందా అని నిజంగానే వెతకబోయాను నేను. పల్నాటిలో పుట్టిన పిల్లనే కదా, ఆయన బాధ నాకు కొంత న్యాయంగానే తోచింది.

సువార్త సిస్టర్ వచ్చి నా చేతిలో పట్టీ తీసుకున్నారు. తీసుకుని, తన మణికట్టుకు కట్టుకున్నారు.

"నీకొద్దులే బాబాయ్. ఇది కంకణం. నువ్వు నడిచి ఇంటికి పోయిందాకా నేను కట్టుకుంటా."

సిస్టర్ ఆ పట్టీతోనే ఇంజెక్షన్లు చేశారు, భోజనం చేశారు, ఆదివారం ప్రార్థనకు కూడా దాంతోనే వెళ్ళొచ్చారు. ఏందమ్మా అది అని చర్చిలో ఎవరో అడిగితే, ఎలక్షన్లో నిలబడుతున్నా అన్నారట.

ఆవిడ ప్రతి రోగి దగ్గరా కనుక్కునే సంగతి ఇంకొకటి ఉండేది. లేస్తే ఎక్కడికి పోతారు? మనిషి ఊరికే లేవడు, దేనికోసమో లేస్తాడు, అది తెలిస్తే సగం పని అయినట్టే అనేవారు. ప్రెసిడెంటు గారిని అడిగితే, మంచంలో ఉన్నోణ్ణి యాడికి పోతాను, అన్నారు. సిస్టర్ ఆయన భార్యను వరండాలోకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడారు. మాట్లాడిందంతా వాళ్ళ పొలం గురించి, బోరు గురించి. ఇప్పుడీ పొలం కబుర్లెందుకా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. అప్పుడు జనరేటరు పాతది, తొందరగా అందుకునేది కాదు. వార్డులో అందరూ కునుకుల్లో ఉన్నారు. మిరప ఘాటు, ఫినాయిలు వాసన, ఎక్కడో పావురం కూత. నాకూ కళ్ళు మూతపడుతున్నాయి. ఆ సమయంలో సువార్త సిస్టర్ స్టూలు తెచ్చుకుని ప్రెసిడెంటు గారి మంచం పక్కన ఎందుకు కూర్చున్నారో నాకప్పుడు తెలియలేదు. ఆవిడ కూడా అరమోడ్పు కళ్ళతో, కలలో ఉన్నట్టే ఉన్నారు. అంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను కిర్రుమంది. ప్రెసిడెంటు గారు కళ్ళు కూడా పూర్తిగా తెరవకుండా లేచి కూర్చుని, కాళ్ళు కిందికి దించి, "త్రీఫేజు వచ్చింది" అంటూ నిలబడ్డారు. మోటారు వేయడానికి! పల్లెల్లో బోరు మోటారుకు కరెంటు వచ్చే వేళంటూ ఒకటి ఉంటుంది, వచ్చిందంటే రైతు కాళ్ళు వాటంతటవే లేస్తాయి. మనిషి ఇక్కడున్నా ఆ కాళ్ళు బెల్లంకొండ పొలంలోనే ఉన్నాయి. నిలబడిన మరుక్షణం ఆయన కళ్ళు ఖాళీ అయ్యాయి. నేను కేక వేసేలోపే సిస్టర్ భుజం ఆయన చంక కింద ఉంది. మెల్లగా మంచం మీదికి కూలబెట్టారు. ఆయన ముఖం తెల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది.

"ఏం కాలా. కూర్చున్నా అంతే" అన్నారు ఊపిరి తిప్పుకుని.

సిస్టర్ అవునన్నట్టు తలాడించారు. నన్ను కర్టెన్ లాగమన్నారు. ఆ గుడ్డ గదిలాంటి చోట, నీలిరంగు వెలుగులో, ఆవిడ తాను పడిన సంగతి మొదలుపెట్టారు. బెల్లంకొండ బస్టాండులో పడ్డారట. పరగడుపున ఎక్కిన బస్సు, దిగగానే కళ్ళు చీకట్లు కమ్మి నలుగురిలో పడ్డారట. చేతి సంచిలో వంకాయలు బస్టాండంతా దొర్లాయట. జనం తనను లేపాలో వంకాయలు ఏరాలో తేల్చుకోలేక నిలబడిపోయారట. చెబుతూ తనే నవ్వారు. ప్రెసిడెంటు గారి పెదవి కూడా కదిలింది. పైన ఫ్యాను తిరుగుతోంది. తర్వాత ఆయన, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు.

"చీకటి యాణ్ణుంచి వచ్చింది నీకు? పక్కల నుంచా?"

"పక్కల నుంచే బాబాయ్. మూసుకుంటా వచ్చింది."

"నాకూ అట్టానే" అన్నారాయన. "మోటారు దగ్గర జారలా. పడ్డా. అంతకుముందు దొడ్లో పడ్డా. దీనికి తెలుసు" అని భార్య వైపు చూశారు.

ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ దాచిపెట్టింది ఆవిడే కదా! ఊళ్ళో తెలిస్తే ఈయన పని అయిపోయిందంటారు, గడప దాటనియ్యరు, పదిమందిలో ఆయన మాట చెల్లదు. అదీ ఆయన భయం. సిస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని, పడ్డవాడు ఎప్పుడూ చెడ్డవాడు కాదు బాబాయ్ అన్నారు. బాగుపడటంలో కూడా పడటం ఉంది చూడు, ముందు పడ్డానంటేనే తర్వాత బాగుపడేది, అన్నారు. ఒక పెద్దమనిషి ఇంత చిన్న మాట అనడానికి అంత బరువు మోశాడని చూసి నాకు జాలి కలిగింది, ఆ మాట వినడం తెలిసిన మనిషి పక్కన పని చేస్తున్నానని గర్వం కూడా కలిగింది.

డాక్టరు గారు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడితే జారిపోతోంది. వేసుకునే మాత్రలు మార్చారు. లేచేముందు మంచం అంచున కూర్చుని కాళ్ళు వేలాడేసి కాసేపు ఊపమన్నారు. కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రం అంటారమ్మా అని ప్రెసిడెంటు గారి అభ్యంతరం. ఇది మీ ఇల్లు కాదుగా, ఊపండి, మా యజమానికి పట్టుకుంటది, అన్నారు సిస్టర్. ఆయన ఊపారు. రోజూ పొద్దున్నే కిటికీ వెలుగులో ఆ పెద్దమనిషి కాళ్ళు ఊపుతూ కూర్చుంటే చూడముచ్చటగా ఉండేది. ముందు వాకరుతో, తర్వాత ఇద్దరి మధ్య, ఆ తర్వాత ఒక్క చేతికర్రతో వరండా చివరిదాకా నడిచారు.

ఇంటికి పోయేరోజున తెల్లని ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యారు. సిస్టర్ తన మణికట్టు పట్టీ కత్తిరించుకోబోతుంటే ఆగమన్నారు. నన్ను పిలిచి చెయ్యి చాచారు.

"కొత్తది ఉంటే కట్టమ్మాయ్. చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటాలే."

కట్టాను. ఆయన గుండీ పెట్టుకుని, నడిచి కారెక్కారు. ఊళ్ళో అవతలోళ్ళ అరుగు ముందు కారు ఆపించి, అక్కడి నుంచి కావాలనే నడిచి వెళ్ళారని తర్వాత ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. అరుగు మీదివాళ్ళు లేచి నిలబడి, ఎట్టా ఉంది మామా అని అడిగారట.

అది జరిగిన కొన్నాళ్ళకు, మిరపకోతలకు వచ్చి మణికట్టు విరిగిన ఒకావిడ దగ్గర సిస్టర్ కూర్చుని ఉన్నారు. నేను మందులు పట్టుకుని వెళ్ళేసరికి సిస్టర్ చెబుతున్నది నా చెవిన పడింది. "మోటారు దగ్గర పడ్డానక్కా. కరెంటు వచ్చిందని గబుక్కున లేచా, చీకటి పక్కల నుంచి మూసుకుంటా వచ్చింది." నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. అది ప్రెసిడెంటు గారిది! అప్పుడు ఒక్కసారిగా తెలిసింది నాకు. కొండవీడు మెట్లూ, డబ్బా అందుకోబోయిన స్టూలూ, బస్టాండులో వంకాయలూ, ఏవీ ఆవిడవి కావు. అన్నీ ఈ మంచాల మీద ఎవరో ఒకరు వదిలిపెట్టి పోయినవే. ఒకరి సిగ్గును తన మీద వేసుకుని, దాన్నే ఇంకొకరికి ధైర్యంగా ఇచ్చేవారు.

ఇదేంది సిస్టర్, అని నిలదీశాను. దొరికిపోయిన పిల్లలా నవ్వారు. వాళ్ళు మోయలేక దించిపోయినవే కదే, నాకేం బరువు, అన్నారు. మరి మీది, అసలు మీరెక్కడ పడ్డారు, అనడిగితే, నేనింతవరకు పడలేదు, పడితే ముందు నీకే చెబుతా, అన్నారు.

తర్వాత ఆవిడ ఉద్యోగం మానేసి గురజాలలో తమ్ముడింటి పక్కన చిన్న ఇల్లు తీసుకున్నారు. నేను అప్పుడప్పుడు వెళ్ళొచ్చేదాన్ని. ఒకరోజు పొద్దున నేను డ్యూటీకి తయారవుతుండగా ఫోన్ వచ్చింది.

"ఏమే, పడ్డానే."

గొంతు మామూలుగానే ఉంది. ఎవరి కథో కొత్తది దొరికిందనుకుని, "ఇది ఎవరిది సిస్టర్?" అన్నాను.

"ఈసారి నాదే."

వంటింటి గడప దగ్గరట. పాలు పొంగుతున్న చప్పుడు విని గబుక్కున లేచారట. మనుషుల్ని దేనికోసం లేస్తారని జీవితమంతా అడిగిన మనిషి, చివరికి పాల కోసం లేచి పడింది. తమ్ముడి భార్య వచ్చి పొయ్యి ఆర్పి లేపబోతే, వద్దు, ముందు ఫోనియ్యి, అన్నారట. నీకు మాటిచ్చాగా, అన్నారు నాతో. నేను ఆ ఫోన్ చేత్తో పట్టుకునే ఏడ్చాను. మా ఆసుపత్రికే తీసుకొచ్చాం. ఆవిడ పాత వార్డు, ఆవిడ పాత స్టూలు. నేను పట్టీ తీసేలోపే చెయ్యి చాచి, "అడుగు" అన్నారు.

"పడ్డారా సిస్టర్?"

"పడ్డాను" అన్నారు, హాజరు పలికినట్టు, వార్డంతా వినపడేలా. పక్క మంచాలవాళ్ళు అందరూ ఇటు చూశారు. ఆ రోజు వాళ్ళనుంచి ఎంత నిజం బయటికొచ్చిందో చెప్పలేను.

ఆవిడ మళ్ళీ నడిచారు. చాలాకాలం బాగానే నడిచారు. పోయింది నిద్రలో, గుండె ఆగి. పడి పోలేదు. ఈ మాట ఎవరికైనా చెప్పేటప్పుడు నాకిప్పటికీ కొంచెం గర్వంగా ఉంటుంది.

ఇవాళ కిటికీ పక్క మంచంలో ముసలావిడ పాదాలు నేలకు తగిలేలోపే నేను అక్కడికి చేరాను. కరెంటు వస్తే కుళాయిలో నీళ్ళొస్తాయి గదమ్మా, పట్టుకోవాల, అని ఆవిడ సిగ్గుగా నవ్వింది. కాళ్ళు మళ్ళీ దుప్పట్లోకి తీసుకుంది. కోడలు పొద్దున్నే చెప్పేసింది, ఈవిడ ఎక్కడా పడలేదని, దొడ్లో కాలు మెలిక పడిందని. నేను ఏమీ అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఫ్యాను గాలికి కర్టెను నెమ్మదిగా ఊగుతోంది.

నేనూ పడ్డానమ్మా, అన్నాను. వంటింటి గడప దగ్గర. పాలు పొంగుతున్న చప్పుడు విని గబుక్కున లేచాను, కళ్ళు మూసుకుపోయాయి, అన్నాను. నేనెప్పుడూ గడప దగ్గర పడలేదు. చెబుతుంటే మాత్రం మోకాలు నిజంగానే నొప్పెట్టింది.

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"పాలన్నీ పొంగిపోయినయ్యా?"

పోయినయ్యన్నాను.

"నాయి కూడా" అంది.

నేను స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.